కాశీలో వదిలిన కూర

తిరువూరు కూరగాయల మార్కెట్లో పెనుగొలను నుంచి వచ్చి కూరలమ్మే ఒకావిడ ఉంది. మొన్న ఆదివారం ఆమె దగ్గర అరకిలో వంకాయలు, నాలుగు టమాటాలు వేయించుకుని డబ్బులిచ్చి సంచీ అందుకోబోతే, ఆవిడ ఇవ్వలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, "మరి అక్కగారికేం వెయ్యనండీ?" అంది. అక్క పోయి నాలుగు నెలలైంది. ఆ తర్వాత నేనటు వెళ్ళడం అదే మొదలు, ఆ సంగతి ఈవిడకు తెలియదు. చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. ఏదో ఒకటి వేయమన్నాను. పావుకిలో దొండకాయలు వేసిచ్చింది.

పదేళ్ళ పాటు ఆదివారం ఆదివారం అలాగే జరిగింది మరి. నాకు వంకాయలు, అక్కకు ఇంకో కూర. విస్సన్నపేట దగ్గర మామిడి తోట చూసుకుంటూ అక్కడే ఉండే అక్క, శనివారం సాయంత్రం షేర్ ఆటోలో దిగేది మా ఇంటికి. ఆదివారం నన్ను వెంటపెట్టుకుని మార్కెట్టుకు వెళ్ళి, ఒక్కో వంకాయనూ తొడిమ పట్టుకుని తిప్పి చూసి, ముదురైతే గంపలోకి విసిరేసి, లేతవి ఏరి నాకోసం గుత్తివంకాయ వండేది. తను మాత్రం ముట్టేది కాదు. ముట్టదు సరే, కూర దించే ముందు ఉప్పు కూడా నోట్లో వేసి చూసేది కాదు. గిన్నె మీద మూత తీసి, ఆవిరిలోకి మొహం వంచి ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో రవ్వ పడాలి" అనేది. పడ్డాక సరిపోయేది. ఎన్నడూ తప్పలేదు.

తిండి విషయంలో అక్కది వేరే చదువు. ఏ పదార్థం పెట్టినా ముందు వాసన చూసేది. తర్వాత రెండు వేళ్ళతో చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. కళ్ళు తెరిచి, అందులో ఏమేం పడ్డాయో వరసగా చెప్పేది. పెళ్ళిళ్ళలో నాకు తలవంపులుగా ఉండేది. ఒకసారి నెమలి అనే ఊళ్ళో, గుడి దగ్గర జరిగిన పెళ్ళి భోజనంలో సాంబారు అలా రుచి చూసి, ఇందులో పొద్దుటి పప్పు కలిపారు అంది గట్టిగానే. వడ్డించేవాడు నోరెళ్ళబెట్టాడు. వంటాయన లోపల్నుంచి వచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, నిజమేనమ్మా, జనం ఎక్కువొచ్చారు అని ఒప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఇంకాస్త చింతపండు పిసికి పోయమని సలహా చెప్పి, రెండోసారి వేయించుకుంది.

మామిడి కాయ తొడిమ దగ్గర వాసన చూసి అది తోటలో ఏ మూల చెట్టుదో చెప్పేది. నేను నమ్మేవాణ్ణి కాదు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఋజువు లేనిదే నా తల ఊగదు. ఓ వేసవి ఆరు చెట్ల కాయలు తెప్పించి అడుగున పెన్సిలుతో అంకెలు వేసి పరీక్ష పెట్టాను. ఆరూ చెప్పింది. నేను ఏడ్చినట్టు మొహం పెడితే, ఒరేయ్, నువ్వు ఓడిపోయినా కాయలు నువ్వే తిందువుగాని అని నా ముందుకే తోసింది.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకు పదిహేడు. ఆ తర్వాత నన్నెవరు పెంచారో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. నేను ఉద్యోగస్తుణ్ణయి, పెళ్ళి చేసుకుని, నెత్తిన జుట్టంతా రాలిపోయిన తర్వాత కూడా అన్నం తినేటప్పుడు నా కంచంవైపు ఓ కన్ను వేసి ఉంచేది. మా ఆవిడ మొదట్లో చిన్నబుచ్చుకుంది, తర్వాత అలవాటు పడిపోయింది.

నా గుండెకు విజయవాడలో ఆపరేషన్ జరిగిన ఏడాది అక్క కాశీ వెళ్ళింది. తిరువూరు నుంచి తీర్థయాత్రల బస్సు వేశారు. నేను మంచం మీద ఉన్నాను, వద్దన్నాను, కీళ్ళ నొప్పులతో అన్ని రోజులు బస్సులో ఏం కూర్చుంటావన్నాను. వినలేదు. కాశీ వెళ్ళినవాళ్ళు అక్కడ ఒక కాయో పండో వదిలేసి రావాలని మనవాళ్ళ ఆనవాయితీ. ఇష్టమైనదే వదలాలి. వదిలాక బతికినన్నాళ్ళూ తినకూడదు. అయితే మనవాళ్ళు మహా తెలివైనవాళ్ళు. ఆ బస్సులో వెళ్ళినవాళ్ళలో ఒకాయన పనసకాయ వదిలాడట, ఇంకొకావిడ జన్మలో తినని వెలక్కాయ వదిలిందట. అక్క పండ్లలో సీతాఫలం వదిలింది. మామిడి తోట ఉన్నదాన్ని, కాయ రుచి చూడకపోతే బేరం ఎట్లా చేస్తాను, అది మాత్రం కుదరదని దేవుడికి చెప్పానంది. కూరల్లో, నా గుండె నిలవాలని మొక్కుకుని, వంకాయ వదిలింది.

నేను ఒంటికాలి మీద లేచాను. కుంపటి మీద కాల్చిన వంకాయలో పచ్చిమిరపకాయలు నూరి కలిపిన పచ్చడి ఉంటే అక్కకు ఇంక లోకంతో పని లేదు. చిన్నప్పుడు ఆ కాల్చిన వంకాయ తొక్క వలుస్తూ వేళ్ళు చురుక్కుమంటున్నా నోట్లో పెట్టుకునేది. అలాంటి మనిషి నా గుండె కోసం వంకాయ మానేయడమేమిటి? ఆ గుండెను కోసి కుట్టింది డాక్టర్లు, మందులు వేసుకుంటున్నది నేను, మధ్యలో వంకాయ చేసిన పాపమేమిటని గంటసేపు వాదించాను. అంతా విని, నీ డాక్టర్ల పని డాక్టర్లది, నా పని నాది, అరవకు, కుట్లు పిగులుతాయి అంది. అంతటితో ఆ మాట ముగిసింది. నా కడుపులో మాత్రం ముగియలేదు. వంకాయ కూర తిన్నప్పుడల్లా అక్క ముద్ద లాక్కుని తిన్నట్టుండేది. మానేస్తానంటే ఊరుకునేది కాదు. నువ్వు తింటుంటే చూడ్డానికే కదరా వదిలింది అనేది.

ఇది జరిగిన ఎనిమిదేళ్ళకు, కరోనా గొడవలు సద్దుమణిగి, ఇజ్రాయెల్లో యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో, మా ప్రాంతపు మామిడి రైతుల్ని కొంతమందిని ఆ దేశం తీసుకెళ్ళారు, అక్కడి తోటలు, డ్రిప్పు పద్ధతులు చూపించడానికి. తోట అక్క పేరున ఉంది కనుక అక్కకు పిలుపొచ్చింది. ఇంగ్లీషు రాదు, తమ్ముడు వస్తేనే వస్తానంది. అలా డెబ్భై దాటిన అక్క, అరవై దాటిన నేను విమానమెక్కాం. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో ఆమె చేతిసంచీలోంచి కాయలు కోసుకునే చిన్న చాకు తీసేసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తారేమో అడగమని నన్ను రెండుసార్లు పంపింది.

మా బృందంలో మిగతావాళ్ళంతా పెట్టెల నిండా పులిహోర, కారప్పొడి, ఆవకాయ సీసాలు మోసుకొచ్చారు. హోటల్లో పొద్దున్నే దోసకాయ ముక్కలు, టమాటా ముక్కలు, తెల్లటి పెరుగు గడ్డలు, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు పెడితే, పొద్దున్నే పచ్చికూరలేంటండీ, మనమేమన్నా గేదెలమా అని గొణుక్కున్నారు. అక్క మాత్రం కంచం తీసుకుని మొదటి గిన్నె దగ్గర నుంచి చివరి గిన్నె దాకా వెళ్ళింది. అన్నింట్లోంచీ కొంచెం కొంచెం. వాసన చూడ్డం, చిటికెడు, కళ్ళు మూసుకోవడం, తర్వాత నాకు పాఠం. శనగలు నానబెట్టి రుబ్బి వేయించిన ఉండల్ని నమిలి, మన వడలే, వీళ్ళు జీలకర్ర ఎక్కువ వేశారంది. పచ్చిమిర్చి పచ్చడి ఒకటి ఉంటుంది వాళ్ళకి, యెమెన్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చుకున్నదట. అది నాలిక మీద పెట్టుకుని, మిరపకాయలు, కొత్తిమీర, వెల్లుల్లి అని ఆగి, యాలకులు కూడా వేశారురా అంది. నేను నవ్వాను. పచ్చిమిర్చి పచ్చడిలో యాలకులేమిటి? మాకు గైడుగా వచ్చిన పెద్దాయన్ని అడిగితే, వేస్తాం, ఆమెకెలా తెలిసింది అని నన్ను ఎదురడిగాడు.

టెల్ అవీవ్ మార్కెట్లో ఒకచోట పసుపురంగు పులుసొకటి రొట్టెలో పోసి ఇచ్చారు. అక్క నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకోనే లేదు. "మామిడికాయ" అంది. "మెంతులు, పసుపు. ఊరబెట్టారు. మనవాళ్ళెవరో నేర్పి ఉంటార్రా వీళ్ళకి." కొట్టతను చెప్పాడు, అది ఒకప్పుడు బొంబాయి నుంచి ఇరాకు వెళ్ళి, అక్కడి యూదుల వెంట ఈ దేశం వచ్చిందంటారని. అక్క మొహం చూడాలి అప్పుడు. ఆ సాయంత్రం బస్సులో ఒక్కొక్క రైతు సీటు దగ్గరికీ వెళ్ళి, మన మామిడికాయ మనకన్నా ముందొచ్చింది ఇక్కడికి అని చెప్పింది. విదేశమంటే బెరుకుగా కూర్చున్నవాళ్ళు ఆ మాటకు కొంచెం కదిలారు.

నాలుగో రోజు గలిలయ సరస్సు పక్కనున్న మామిడి తోటలు చూసి, మధ్యాహ్నానికి నజరేతు చేరాం. మిగతావాళ్ళు ఇండియన్ హోటలు వెతుక్కుంటూ వెళ్ళారు. గైడు మా ఇద్దర్నీ ఒక అరబ్బు ఆవిడ నడిపే చిన్న హోటలుకు తీసుకెళ్ళాడు. నాలుగు బల్లలు. ఆవిడే వండుతోంది, ఆవిడే తెచ్చి పెడుతోంది. అక్కను చూడగానే, పెద్దదని కాబోలు, కుర్చీలో దిండు వేసి కూర్చోబెట్టింది. పొయ్యి మీంచి అప్పుడే తీసిన ఉబ్బిన రొట్టెలు, ఓ పది చిన్న గిన్నెలు తెచ్చి బల్ల నిండా పేర్చింది. అందులో ఒక గిన్నెలో బూడిదరంగు ముద్ద, పైన నూనె, దానిమ్మ గింజలు. నేను ముందే రొట్టె ముంచి నోట్లో పెట్టుకున్నాను. మంట మీద కాల్చిన వంకాయ. తొక్క వలిచి మెదిపి, నువ్వుల ముద్ద కలిపింది.

చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగానే అక్క రొట్టె తుంచి అందులో ముంచేసింది. నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. తెరిచి, "నువ్వులు. నిమ్మకాయ. వెల్లుల్లి" అంది. ఆగింది. "ఇంకేదో ఉంది. తెలీట్లేదురా."

అరవై ఏళ్ళలో ఆమె నోటి నుంచి ఆ మాట నేను వినలేదు. దేశం కాని దేశం, పేరు తెలియని వంట, నువ్వుల ముద్ద వాసనకు వంకాయ అణిగిపోయి ఉంటుందనుకున్నాను. మళ్ళీ ముంచింది. మళ్ళీ. ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా తక్కినవాటి జోలికి పోలేదు. నేను చూస్తూ కూర్చున్నాను. చెప్పాలి, చెప్పడం నా ధర్మం. కానీ నిజం చెబుతున్నాను, చెప్పకుండా ఉన్నది జాలితో ఒక్కటే కాదు, పంతంతో కూడా. నా మూలాన నోరు కట్టుకున్న మనిషి ఒక్క పూట తృప్తిగా తినాలనీ ఉంది, చూశావా, తిన్నావు, నాకేమీ కాలేదు అని ఎప్పుడో ఒకప్పుడు గెలవాలనీ ఉంది. అరబ్బు ఆవిడ ఖాళీ గిన్నె చూసి ఇంకో గిన్నె తెచ్చి పెట్టింది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని, తెలుగులోనే, చల్లగా ఉండు తల్లీ అంది.

తిరిగొచ్చిన నెల రోజులకు నాకు ఛాతీలో నొప్పొచ్చింది. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి గ్యాస్ అని తేల్చి పంపేశారు. కబురు తెలిసి అక్క తోటలో కాపు కోత మధ్యలో వదిలేసి ఏదో లారీ ఎక్కి వచ్చింది. నా మంచం పక్కన కుర్చీ వేసుకుని మూడు రోజులు కదల్లేదు. మనిషి మొహం నల్లబడిపోయింది. అంత భయం ఆపరేషన్ అప్పుడు కూడా చూడలేదు ఆమెలో. వంకాయ సంగతి నవ్వుతూ చెప్పేద్దామని ఎదురుచూస్తున్నవాణ్ణి, ఆ మొహం చూసి మింగేశాను. ఆ తర్వాత యుద్ధం మొదలైంది. మా ఇంటికొచ్చినప్పుడల్లా టీవీ ముందు కూర్చుని, ఆ వంటావిడ ఎట్లా ఉందోరా అని అడిగేది. నాకెట్లా తెలుస్తుంది? బాగానే ఉండి ఉంటుందిలే అనేవాణ్ణి. ఆ ఊరి పేరెత్తినప్పుడల్లా నా తప్పు నాకు గుర్తొచ్చి లేచి అవతలికి పోయేవాణ్ణి.

కిందటేడు అక్కకు పేగుల్లో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఖమ్మంలో ఉండే కూతురు తీసుకెళ్తానంటే వెళ్ళక, మా ఇంటికొచ్చింది. మెల్లగా తిండి తగ్గిపోయింది. ముద్ద దగ్గరికి తీసుకెళ్తే మొహం తిప్పుకునేది. వాసన చూడ్డం కూడా మానేసింది, అది చూసి నాకు అన్నిటికన్నా ఎక్కువ దడ పుట్టింది. విజయవాడ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంక పథ్యాలేవీ వద్దు, ఏది తింటానంటే అది పెట్టండి అన్నాడు. తింటానంటేగా. మా ఆవిడ రోజుకు నాలుగు రకాలు చేసి చూసింది. ఒక్కటీ సాగలేదు.

అప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళాను. జీవితంలో గరిటె పట్టినవాణ్ణి కాదు. పెద్ద వంకాయ ఒకటి తెచ్చి, నూనె రాసి, గ్యాస్ మంట మీద తిప్పుతూ కాల్చాను. తొక్క వలిచాను, వేళ్ళు కాలాయి. నువ్వులు వేయించి మిక్సీలో వేసి, నిమ్మకాయ పిండి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి మెదిపాను. అది అక్కడి రుచిలాగానూ రాలేదు, ఇక్కడి పచ్చడిలాగానూ లేదు. అయినా చిన్న గిన్నెలో తీసుకుని అక్క మంచం దగ్గరికి వెళ్ళాను. గది గుమ్మంలో నేనుండగానే ఆమె ముక్కుపుటాలు కదిలాయి. కళ్ళు తెరిచింది. పదిహేను రోజుల తర్వాత అదే మొదటిసారి ఆమె ఒక తిండి కోసం కళ్ళు తెరవడం.

పక్కన కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాను. నజరేతులో నువ్వు తిన్నది వంకాయేనక్కా అన్నాను. తెలిసి కూడా దాచాను, తప్పు నాది, దోషమంటూ ఉంటే అది నాది, నీది కాదు అన్నాను. ఆ తర్వాత ఏమేం అన్నానో నాకే గుర్తులేదు, ఏడుస్తున్నాను. ఆమె అంతా విని, "వంకాయ కాల్చిన వాసన నాకు తెలీదంట్రా?" అంది.

మరి అప్పుడు తెలీట్లేదన్నావు కదక్కా అన్నాను.

"మొదటి ముద్దకే తెలిసింది. నీ మొహం కూడా చూశాను. చెప్పాలా వద్దా అని గిలగిల్లాడుతున్నావు." ఊపిరి అందక ఆగి, మళ్ళీ అంది. "రొట్టె ముంచుకుని తింటూ నిక్షేపంలా కూర్చున్నావు నా ఎదురుగా. బతికి బట్టకట్టావు, ఇంక ఆ దేవుణ్ణి అడగాల్సింది ఏముందిలే అనుకున్నా. ఆశపడ్డాను, తిన్నాను."

"ఇప్పుడూ నీ ఎదురుగానే ఉన్నాను కదక్కా. ఒక్క ముద్ద తిను." చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

వాసన చూసింది. అది మాత్రం చూసింది, కళ్ళు మూసుకుని, చాలాసేపు. తర్వాత నా మణికట్టు పట్టుకుని చెంచా పక్కకు తోసింది. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని నేననుకోలేదు.

"తిని వచ్చాకే కదా నీకు నొప్పొచ్చింది."

గ్యాస్ అన్నాను. డాక్టర్ల కాగితాలు చూపిస్తానన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి, ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన అదే దీనికి కారణం కాదని అప్పుడూ పాఠం చెప్పాను, చావుకు దగ్గరపడ్డ మనిషికి.

"గ్యాసే అయ్యుండొచ్చు" అంది. "అప్పుడంటే నేనున్నాను, వచ్చి పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఇది తినేసి నేను వెళ్ళిపోయాననుకో, రేపు నీకేమన్నా అయితే ఎవరు అడుగుతార్రా ఆయన్ని? నువ్వా, అడిగేవాడివి కాదు. ఈ మొక్కొక్కటన్నా నీకుండనీ."

వాదించడం తప్ప ఇంకోటి తెలియనివాణ్ణి. ఆ మాట విని గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చాను. రెండు చెంచాల మజ్జిగ ఇమ్మంది, ఇచ్చాను. ఆ తర్వాత తొమ్మిది రోజులుంది.

పెద్దకర్మ నాడు ఆకు వేసి, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. అక్క కూతురు పొద్దున్నే లేచి, అమ్మ ఇన్నేళ్ళూ నోరు కట్టుకుంది, ఇంక ఆ కట్టు తీరిపోయిందిగా మావయ్యా అంటూ వంకాయలు కాల్చి పచ్చడి చేసింది. పంతులుగారు కూడా వడ్డించవచ్చన్నారు. ఆ పిల్ల గిన్నె తీసుకుని ఆకు దగ్గర వంగింది. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు మావయ్యా, మీకిలాంటివి నమ్మకం లేదుగా అంది. లేదమ్మా, ఇప్పటికీ లేదు అన్నాను. అంటూనే గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని అవతల పెట్టేశాను.